నేను పిలిచిన పరుగు

మా క్రికెట్ కెప్టెన్ చనిపోయాడని పోయిన వారం ఒకరోజు పొద్దున్నే ఆయన ఫ్యాక్టరీ మేస్త్రీ ఫోన్ చేశాడు. గుండెపోటు. తిరుపతి నుంచి బంగారుపాళ్యం చేరేదాకా బస్సులో ఆయన మాటలకన్నా, నేను చెప్పకుండా దాచుకున్న మాటే నన్ను ఎక్కువ వేధించింది.

ఆయన్ని జట్టంతా అన్నా అనేవాళ్లం. ఆరేళ్లు రాష్ట్రానికి ఆడాడు. తర్వాత సొంతూళ్లో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ పెట్టుకున్నాడు. నేను ఆ జట్టులో ఉన్నది ఒక్క సీజనే. మొదటి మ్యాచ్‌లో నా గ్లవుజులు చిరిగి ఉన్నాయని తన కొత్త జత నాకిచ్చి, తను పాతవి తొడుక్కుని దిగాడు.

ఆ సీజన్ చివరి మ్యాచ్‌కు సౌత్ జోన్ సెలెక్టర్లు వచ్చి కూర్చున్నారు. అన్న అరవై పరుగులు దాటి ఆడుతున్నాడు. నేను బంతిని పక్కకు తోసి, పరుగుకు రమ్మని పిలిచాను. ఆయన సగం దూరం వచ్చేశాక భయపడి వెనక్కి తిరిగాను. అన్న రనౌటయ్యాడు. సాయంత్రం మేనేజర్ నిలదీస్తే, తనే తొందరపడ్డానని చెప్పాడు. నేను పక్కనే తల వంచుకుని బూట్ల తాళ్లు విప్పుకుంటున్నాను. జోన్ నుంచి ఆయనకు పిలుపు రాలేదు.

నేను తిరుపతిలో ఒక కాలేజీలో వ్యాయామ అధ్యాపకుణ్నయ్యాను. పోయిన ఏడాది, ఆటలోనూ వ్యాపారంలోనూ తను చూసింది పిల్లలకు చెప్పమని ఆయన్ని పిలిచాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని గంట ముందే వచ్చాడు. ఆట గురించి మాట్లాడింది కాసేపే. ఫ్యాక్టరీ పెట్టిన మొదటి ఏడాది తన అజాగ్రత్త వల్ల గుజ్జు సరిగా ఉడకక, దుకాణాల్లో డబ్బాలు ఉబ్బిపోయాయట. తానే లారీ ఎక్కి ఊరూరా తిరిగి, అన్నీ వెనక్కి తెచ్చి గుంత తీయించి పూడ్చాడట.

"ఆట్లో తప్పు సేస్తే లోపలికి పోయి కూసుంటాం. యాపారంలో తప్పు సేస్తే ఆడ్నే నిలబడాల. ఫోనొస్తే ఎత్తాల," అన్నాడు.

ఒకమ్మాయి లేచి, అంత బాగా ఆడి సౌత్ జోన్‌కు ఎందుకు పోలేదని అడిగింది. అన్న కొంచెం ఆగాడు. నావైపు మాత్రం చూడలేదు.

"ఒక పరుగు తప్పుగా అంచనా ఏసినానమ్మా. తప్పు నాదే."

నా చేతిలో ఇంకో మైకు ఉంది. "తర్వాతి ప్రశ్న," అన్నాను.

బంగారుపాళ్యంలో అన్న భార్య పక్కన కూర్చుని, ఇన్నేళ్లకు నోరు విప్పాను. "ఆ పరుగు పిలిచింది నేనే వదినా."

ఆమె ఆశ్చర్యపోలేదు. "తెలుసప్పా. కాలేజీ నుంచి వచ్చినరోజే చెప్పినారు. వాడు చెప్తాడేమో అని రవ్వంతసేపు ఆగినానే అన్నారు."

ఆయన ఇంకేమన్నాడో అడగడానికి నాకు ధైర్యం లేకపోయింది.

పాడె ఎత్తే వేళకు మేస్త్రీ నా కోసం వెతుక్కుంటూ వచ్చాడు. "సార్‌తో ఆడినోరు మీరు. ముందు మీరే పట్టాల," అన్నాడు. కాదనలేకపోయాను. భుజం ఆనించాను. హైవే పక్కన మామిడి లారీలు వరసగా ఆగి ఉన్నాయి. డ్రైవర్లు కిందికి దిగి నిలబడి, ఆయనతోపాటు నాకూ చేతులు జోడించారు.