కారు బొమ్మకు దిష్టి పోగు

మొన్న వరంగల్ కొత్తవాడ నుంచి మరదలు, అంటే మా మామకున్న ఒక్కగానొక్క కూతురు, ఫోన్ చేసింది. "బావా, నాయిన సందూకు తాళం పలగ్గొట్టించిన. నీ కారు పుస్తకం దొరికింది. జర వచ్చి పో," అంది. ఆ పుస్తకం నాది కాదు, కారైతే నాకు ఏనాడూ లేదు. అయినా వెళ్లాను. మామ పోయి అప్పటికి నెల. సందూకు మూత ఎత్తగానే కలరా ఉండల ఘాటు కింద నుంచి రంగు నూలు వాసన సన్నగా పైకొచ్చింది. అడుగున సుతిలి తాడుతో బిగించి కట్టిన జంపఖానా చుట్ట, దాని మీద ప్లాస్టిక్ కవరులో ఎనిమిది పేజీల పుస్తకం. అట్ట మీద ఎర్ర కారు. చూడగానే నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఒక సంగతి ముందే చెప్పుకోవాలి. మా చుట్టాల్లో నా మాట ఎవరూ నమ్మరు. నేను చెప్పే పాము కథలో పాము ఏటా రెండు మూరలు పెరుగుతుందని లెక్కగట్టినవాళ్లున్నారు. పరకాల బస్సును ఒకసారి కోతి నడిపిందని నేను చెప్పే కథ నాకే నమ్మబుద్ధి అవుతుంది, అంత బాగా చెబుతాను. ఈ కథలో మాత్రం నేనేదీ పెంచలేదు. పెంచాల్సిన అవసరం రాలేదు.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. జంపఖానాలు నేసేవాడు. ఎనభైల మొదట్లో నేను డిగ్రీ చదువుతూ వాళ్లింట్లో ఉండేవాణ్ణి. పొద్దున్నే వినిపించేది పంజా చప్పుడు. పంజా అంటే అడ్డంగా వేసే పేక పోగుల్ని కిందికి దిగ్గొట్టే ఇనుప దువ్వెన. అత్త గడప పక్కన కూర్చుని రాట్నం మీద కండెలు చుట్టేది. ఆ ఇంట్లో ఏ జంపఖానా కూడా తప్పు లేకుండా మగ్గం దిగేది కాదు. పనంతా చక్కగా వచ్చాక, చివరి జానెడులో అత్త వేరే రంగు పోగు ఒకటి అందించేది. మామ దాన్ని ఒక మూలన కావాలనే తప్పుగా వేసేవాడు. దిష్టి పోగు అనేవాళ్లు. తప్పు లేని సరుకు మీద పడిన కన్ను నేసిన ఇంటికే తగులుతుందని అత్త నమ్మకం. మామ నమ్మకం అత్త.

హన్మకొండలో ఒక వకీలు సాబుకు ఇరవై ఏళ్ల నాటి ఎర్ర కారు ఉండేది. అది కొన్నప్పుడు షాపువాళ్లిచ్చిన బొమ్మల పుస్తకాన్ని ఆయన భద్రంగా దాచుకున్నాడు. అందులో బొమ్మను తన హాలుకు జంపఖానాగా నేయమని మామకిచ్చాడు. మామ బొమ్మ మీద పెన్సిలుతో గళ్లు గీసి, గడి గడీ లెక్కపెట్టి పెద్ద కాగితం మీదికి ఎక్కించేవాడు. అలా లెక్కపెడుతుంటే పుస్తకం గుట్టు బయటపడింది. కారు వెనక చక్రం పదకొండు గళ్లు, ముందు చక్రం తొమ్మిది. పక్కన నిలబడ్డ సూటు మనిషి నెత్తి తలుపు పిడి దాకానే వచ్చింది. బండి పెద్దగా కనబడాలని మనుషుల్ని చిన్నగా గీశాడు ఆ బొమ్మలాయన. వెనక సీటులో దొరసాని కిటికీ బయట పెట్టిన చేతికి ఆరు వేళ్లు. కారు వెనక మంచుకొండ, పక్కన ఈత చెట్టు. ఎండ కుడి నుంచి, నీడా కుడివైపే. మామ పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

"గింత పెద్ద కంపెనోళ్లు, గింత మంచి కాయితం, ఒక్కటి సక్కగ లేదు గదరా అల్లుడా!"

అత్త రాట్నం ఆపకుండానే, "ఆళ్లు గూడ దిష్టికి ఇడిసిపెట్టిండ్రు కావచ్చు," అంది.

"దిష్టికి ఒక్కటి సాలు. వీళ్లు బండెడు ఇడిసిండ్రు."

పుస్తకంలోని ఇంగ్లీషు చదివి చెప్పే పని నాది. మూడో పేజీలో నాలుగు తలుపులని రాసిన బండికి ఐదో పేజీకి వచ్చేసరికి రెండే తలుపులు. మంచు కురిసినా లోపల వెచ్చగా ఉంటుందని రాశారు, వరంగల్ ఎండలో ఉడికే మాకు. ఈ నిజాలు చెబితే మామ నమ్మలేదు. అక్కడే నా బుద్ధి వంకర తిరిగింది. ఈ కారు వస్తుంటే హారన్ కొట్టకుండానే బర్రెలు లేచి దారిస్తాయని రాసుంది మామా, అన్నాను. అది నమ్మాడు. నమ్మడమే కాదు, జంపఖానా అప్పజెప్పిన రోజు వకీలు సాబు హాల్లో, నలుగురు పెద్దమనుషుల ముందు, ఆ మాట ఎంతో మర్యాదగా చెప్పాడు. వాళ్లు నవ్విన నవ్వు కొత్తవాడ దాకా మామ వెనకాలే వచ్చింది. నన్ను కొట్టలేదు. "ఇగ నువ్వు పొద్దు తూర్పున పొడిసిందన్నా, నేను బయటికి పోయి సూసుకున్నంకనే నమ్ముత," అన్నాడు.

పుస్తకాన్ని వకీలు సాబు మామనే ఉంచుకోమన్నాడు. అత్త దాన్ని తిరగేస్తూ ఒకరోజు ఎత్తిపొడిచింది. "ఊరోళ్లకు కార్లు నేస్తవ్. నన్నేమో పరకాల దాక బస్సుల నిలవడవెట్టి తీస్కపోతవ్." అత్త పుట్టిల్లు పరకాల. ఎన్నడూ కారెక్కి ఎరగదు.

మామకు రోషమొచ్చింది. "నీకు గీ కారే నేస్త. ఆళ్ల తప్పులన్ని దిద్ది నేస్త. దొరసానిని దించి నిన్ను కూసోవెడత."

"నేస్తే నేయి గని, దిష్టి పోగు మర్సిపోకు."

"సరుకుకు తప్పు పెడత. నీకు పెడతనా?"

నాలుగు నెలలు పట్టింది. చక్రాలు సమం చేశాడు. నీడను ఎడమకు తిప్పాడు. మంచుకొండను మా హన్మకొండ పద్మాక్షి గుట్ట చేశాడు. వెనక సీటులో అత్త: ముక్కుపుల్ల, ఆకుపచ్చ గాజులు, సరిగ్గా ఐదు వేళ్లు. చివరి జానెడు వచ్చినప్పుడు అత్త పోగు పట్టుకుని మగ్గం దగ్గర నిలబడింది. మామ చేయి చాపలేదు. ఆమె ఆ పోగును కొంగు చివర ముడివేసుకుని వెళ్లిపోయింది.

ఎదురుగా కూర్చున్న నాకు అప్పుడు కనబడింది. కారు దుమ్ము లేపుకుంటూ పోతోంది, నడిపేవాడు లేడు! పుస్తకం తీసి చూశాను. అందులోనూ లేడు. ముందు అద్దం మీద బొమ్మలాయన తెల్లటి మెరుపు గీసి వదిలేశాడు. మామ వాటిని తెల్ల గళ్లుగా లెక్కపెట్టి తెల్లగానే నేసుకుపోయాడు. వేళ్లు లెక్కపెట్టిన మనిషికి మనిషే లేడన్న సంగతి తట్టలేదు. నేను చెప్పలేదు. సద్దుల బతుకమ్మకు పరకాల నుంచి అత్త అక్కాచెల్లెళ్లు వస్తారు, వాళ్ల ముందు జంపఖానా పరుస్తారు. అప్పుడు, "మామా, అత్తను కారుల కూసోవెట్టి నువ్వేడికి పోయినవ్?" అని అడుగుదామని దాచుకున్నాను. ఒకసారి నవ్వులపాలైన మనిషిని మళ్లీ నవ్వులపాలు చేద్దామని.

పండక్కి పది రోజుల ముందు అత్తకు జ్వరం వచ్చింది. తర్వాత కళ్లు పచ్చబడ్డాయి. నడవలేకపోయిన రోజున వకీలు సాబు ఆ ఎర్ర కారే పంపాడు. వెనక సీటులో అత్త మామ భుజానికి ఒరిగి కూర్చుంది. కాళ్లు చాపుకునే చోటు లేదు. చేయి కిటికీ బయట పెట్టి, ముందు సీటు నుంచి వెనక్కి తిరిగిన నన్ను చూసి, "బొమ్మల ఉన్నంత పెద్దగ లేదు గదరా," అని నవ్వింది. నాతో అన్న ఆఖరి మాట అదే. మూడో రోజు దవాఖానలోనే కన్నుమూసింది.

దినాలయ్యాక మామ జంపఖానాను చుట్టి సుతిలితో కట్టాడు. "తప్పు ఇడువుమన్నది. ఇడువలే. నేనే సంపుకున్న," అన్నాడు.

అప్పుడు చెప్పాను. "మామా, తప్పున్నది. నీ కారుకు డ్రైవర్ లేడు. అత్త మీద ఒట్టు."

మామ నా ముఖంలోకి చూశాడు. కోపం లేదు. "బర్రెలు గూడ దారిచ్చినయి గదరా. నా మనసు నిమ్మలం చెయ్యాలని కత అల్లుతానవ్. మంచోనివే, పో."

"ఒక్కసారి ఇప్పి సూడు మామా."

"ఇప్పితే మీ అత్త కనబడ్తది."

సందూకుకు తాళం పడింది. చూసుకున్నంకనే నమ్ముతానన్న మనిషి ఇరవై ఆరేళ్లు చూడనేలేదు. ఆ తర్వాత ఆయన నేసిన ప్రతి జంపఖానాకూ నాలుగు మూలలా నాలుగు దిష్టి పోగులు. చేతిలో పనితనం పోయిందని కొనేవాళ్లు అనుకున్నారు. వెళ్లినప్పుడల్లా నేను అదే మాట చెప్పాను. ఒకసారి తాళంచెవి ఎత్తుకెళ్లబోయి దొరికిపోయాను కూడా. కిందటి నెల మంచం పక్కన కూర్చుని మళ్లీ చెబితే, కళ్లు తెరవకుండానే, "పాము ఎన్ని మూరలైందిరా ఇప్పుడు?" అని అడిగాడు.

మొన్న మరదలు సుతిలి కోసి జంపఖానాను నడింట్లో పరిచింది. రంగులు నిన్న అద్దినట్టున్నాయి. నేను నోరు విప్పలేదు. జీవితంలో మొదటిసారి, చెప్పడానికి కథ ఉండి కూడా విప్పలేదు. వాళ్లమ్మ పోయేనాటికి మరదలికి మూడేళ్లు, మొఖం గుర్తులేదు. మోకాళ్ల మీద కూర్చుని ఆ ముక్కుపుల్లను వేలితో తడిమింది. గాజులు ఒక్కొక్కటే తాకింది. ఆ వేలు మెల్లగా ముందు సీటు మీదికి జరిగి తెల్లటి చోట ఆగింది.

"ఇదేంది బావా," అంది, "బండి నడిపెటోడే లేడు?"

నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. ఆ ఇంట్లో నా అబద్ధం ఒక్క పూటలో వకీలు సాబు హాలు దాకా వెళ్లింది. నా నిజం సందూకులోంచి నడింట్లోకి రావడానికి ఇరవై ఆరేళ్లు పట్టింది, అదీ ఒక నెల ఆలస్యంగా.