కళ్లు మూయించకుండా చేసిన పరీక్ష

ఆ ఏడాది ఫిబ్రవరి మొదటి వారంలో నన్ను క్లాసుల నుంచి తప్పించి, మా ఫిజియోథెరపీ కాలేజీ ఓపీకి క్లినికల్ ఇన్‌ఛార్జిగా వేశారు. అప్పటికి నా రిటైర్మెంట్‌కు మూడేళ్లుంది. హోదా అసోసియేట్ ప్రొఫెసర్. కాలేజీ గుంటూరుకు కొద్ది దూరంలో ఉండేది. ఒకే యాజమాన్యం కింద, ఒకే ప్రాంగణంలో మూడు డిగ్రీలు నడిచేవి. కింద హోటల్ మేనేజ్‌మెంట్, దాని వెనక టూరిజం, పై అంతస్తులో మా బీపీటీ. ఓపీ మాత్రం రోగుల సౌకర్యం కోసం గేటు పక్కనే పెట్టారు.

బీపీటీ అంటే ఫిజియోథెరపీలో డిగ్రీ. మూడో ఏడాదికి వచ్చాక విద్యార్థులు బ్యాచ్‌ల వారీగా ఓపీలో పనిచేస్తారు. దాన్ని పోస్టింగ్ అంటాం. రోగిని పరీక్షించి, కేస్ షీట్ నింపి, ఏ చికిత్స ఇవ్వాలో రాసేది విద్యార్థి. దాని కింద ఇన్‌ఛార్జి సంతకం పెడితేనే చికిత్స మొదలవుతుంది. నేను వెళ్లిన వారమే యూనివర్సిటీ ఇన్‌స్పెక్షన్ కమిటీ వచ్చే గురువారం వస్తుందని తెలిసింది. కాలేజీ గుర్తింపు కొనసాగాలంటే వాళ్లు సంతృప్తి పడాలి. నా టేబుల్ నిండా రిజిస్టర్లే. అటు అవి సర్దుతూ, ఇటు కేస్ షీట్ల మీద సంతకాలు పెడుతూ ఉన్నాను.

సోమవారం ఉదయం లావణ్య ఒక షీట్ తెచ్చింది. లావణ్యది దర్శి దగ్గర పల్లె. నాన్న పొగాకు, పత్తి వేస్తాడు. ఆ బ్యాచ్‌లో నేను ఎక్కువ నమ్మిన విద్యార్థిని తనే. రోగి పేరు మస్తాన్‌బీ, వయసు యాభై దాటింది, మిరపకాయల తొడిమలు తీసే పని. రెండు చేతుల వేళ్లూ బిగుసుకుపోయి, పొద్దున్నే పిడికిలి పట్టడం లేదు. చికిత్స: వ్యాక్స్ బాత్.

వ్యాక్స్ బాత్ అంటే కరిగించిన మైనం తొట్టి. రోగి అందులో చేయి ఆరేడు సార్లు ముంచి తీస్తే మైనం తొడుగులా పేరుకుంటుంది. దాని మీద ప్లాస్టిక్ కవరు, తువ్వాలు చుట్టి పావుగంట ఉంచుతాం. కీళ్లు వదులవుతాయి. అయితే ముందు రెండు పనులు చేయాలి. థర్మామీటరుతో మైనం వేడి చూడాలి. తర్వాత సెన్సేషన్ టెస్ట్. రెండు గాజు గొట్టాల్లో ఒకదానిలో వేడినీళ్లు, ఒకదానిలో చన్నీళ్లు పోసి, రోగిని కళ్లు మూసుకోమని, వరస లేకుండా చర్మానికి ఆనించి ఏది ఏదో చెప్పమంటాం. చెప్పలేనివాళ్లకు వేడి చికిత్స ఇవ్వకూడదు. ఎందుకంటే చేయి కాలకుండా కాపాడేది మా జాగ్రత్త ఒక్కటే కాదు, చురుక్కుమనగానే చేయి వెనక్కి లాక్కునే రోగి కూడా.

షీట్‌లో ‘సెన్సేషన్’ అన్న చోట ‘నార్మల్’ అని ఉంది.

“టెస్ట్ చేశావా?” అన్నాను తల ఎత్తకుండానే.

“చేశాను మేడమ్. రెండూ కరెక్ట్‌గా చెప్పింది.”

సంతకం పెట్టాను.

మర్నాడు తొమ్మిదిన్నరకు లావణ్య నా గది గుమ్మం దగ్గర నిలబడింది. పిలవలేదు, లోపలికి రాలేదు. మొహం చూసి నేనే లేచాను. మస్తాన్‌బీ తొట్టి పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. రెండో రోజు చికిత్సకు వచ్చింది. ముందు రోజు మైనంలో ముంచిన కుడిచేతి వేళ్ల వెనక చర్మం ఎర్రగా కమిలి ఉంది. మధ్యవేలు మీదా ఉంగరపు వేలు మీదా నీటి బొబ్బలు.

“నొప్పిగా ఉందామ్మా?” అన్నాను.

“నొప్పేం లేదు డాక్టరమ్మా. నిన్న రాత్రి హాయిగా నిద్ర పట్టింది. ఇయాల ఇంకాసేపు ముంచండి.”

నొప్పి ఉందంటే అంత భయపడేదాన్ని కాదు. బొబ్బ లేచి, నొప్పి లేదంటోంది. గొట్టాలు తెప్పించి, ఆమెను కళ్లు మూసుకోమని నేనే టెస్ట్ చేశాను. వేడిది ఆనిస్తే “మంట” అంది. చల్లది ఆనిస్తే “మంట” అంది. ఊరికే నా వేలు ఆనించాను.

“అదీ మంటే గదమ్మా. ఎప్పుడూ ఉండేదే.”

ఎన్నేళ్లుగా తొడిమలు తీస్తోందని అడిగాను. పెళ్లయినప్పటి నుంచి అంది. మొదట్లో రాత్రుళ్లు చేతులు నీళ్ల బక్కెట్లో పెట్టుకుని కూర్చునేదాన్ననీ, తర్వాత తర్వాత అలవాటైందనీ చెప్పింది. “ఇప్పుడు పొయ్యి మీద గిన్నె గుడ్డ లేకండానే దించుతా. మా కోడలు చూసి భయపడుద్ది” అంది. ఆ చెప్పడంలో కాస్త గర్వం కూడా ఉంది. షుగరు వల్ల కూడా స్పర్శ పోతుంది కాబట్టి అదీ చూశాం, మామూలుగానే ఉంది. ఏళ్ల తరబడి మిరప ఘాటులో నానిన చర్మం వేడిని గుర్తుపట్టడం మానేస్తుందని పుస్తకంలో చదివాను, క్లాసులో ఒక వాక్యంగా చెప్పాను. మిర్చి పండే జిల్లాలో, తొడిమలు తీసే మనిషి షీట్ మీద సంతకం పెట్టేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

లావణ్యను పక్కకు పిలిచి, నిన్న టెస్ట్ ఎలా చేశావని అడిగాను.

“కళ్లు మూయించలేదు మేడమ్. బయట పన్నెండు మంది ఉన్నారు. ఆమె చకచకా చెప్పేసింది. వేడి గొట్టం మీద ఆవిరి కనపడుతూనే ఉంది.”

“మైనం వేడి ఎంత ఉంది?”

“థర్మామీటర్ శనివారం పగిలిపోయింది మేడమ్. ఇండెంట్ రాసి మీ టేబుల్ మీద పెట్టాం.”

ఇండెంట్ అంటే స్టోర్స్ నుంచి వస్తువు కావాలని రాసే కాగితం. వెళ్లి వెతికాను. ఇన్‌స్పెక్షన్ రిజిస్టర్ల కింద, సంతకం లేకుండా ఉంది. వ్యాక్స్ బాత్ రిజిస్టరు తీస్తే శనివారం, సోమవారం కూడా వేడి అంకె రాసి ఉంది. అంతకు ముందు రోజులదే దించేశారు. నేను కిందకి దిగి హోటల్ మేనేజ్‌మెంట్ వాళ్ల వంటగదిలో, పాకం చూసే థర్మామీటర్ అడిగి తెచ్చుకుని మైనంలో పెట్టాను. ఉండాల్సిన దానికంటే చాలా పైకి పోయింది. వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ పాడైంది. స్పర్శ బాగున్నవాళ్లెవరైనా మొదటి ముంపులోనే చేయి లాక్కునేవాళ్లు. సోమవారం అందులో చేయి ముంచింది మస్తాన్‌బీ ఒక్కతే, అందుకే మాకు తెలియలేదు.

తొట్టి ఆపించి, మస్తాన్‌బీ చేతికి కట్టు కట్టాను. చర్మానికి మైనం పడలేదని చెప్పాను. ఆ మాట అంటున్నప్పుడే అది నిజం కాదని తెలుసు. నాలుగు రోజులు పనికి వెళ్లొద్దనీ, రేపు పొద్దున్నే వచ్చి కట్టు మార్పించుకోమనీ అన్నాను. సరేనంది.

ప్రిన్సిపాల్ గారికి చెప్పాను. ఆయన చెడ్డవారు కాదు. అంతా విని, ముందు ఆమె సంగతి చూడమన్నారు. ఇన్సిడెంట్ రిపోర్టు, అంటే జరిగిన పొరపాటు నమోదు చేసే కాగితం, రాయాలన్నాను. “దాచమనడం లేదు మేడమ్. శుక్రవారం రాయమంటున్నాను. గురువారం గడవనీయండి” అన్నారు. మూడు వందల మంది పిల్లల సంగతి ఆలోచించమన్నారు. ఆలోచించాను. ఆ సాయంత్రం వరకూ ఆలోచిస్తూనే ఉన్నాను. రిపోర్టు రాయలేదు.

బుధవారం తొమ్మిదయింది, పదయింది, మస్తాన్‌బీ రాలేదు. ఫోను స్విచాఫ్. గేటు వైపు ఎవరు వచ్చినా నా చూపు చేతుల మీదకే వెళ్లేది. ఆమెకు నొప్పి తెలియదు. బొబ్బ చితికినా తెలియదు, చీము పట్టినా తెలియదు. వేళ్లు పోతే ఆ మనిషికి బతుకుతెరువు పోతుంది. పదకొండింటికి లావణ్య బ్యాగు తగిలించుకుని వచ్చింది. ఇంటికి వెళ్లిపోతానంది. ఈ చదువు తనవల్ల కాదనీ, నాన్నకు తనే చెప్పుకుంటాననీ అంది. ఏడవలేదు. అదే నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది.

“ముందు ఆమెను చూసి వద్దాం పద. తర్వాత వెళ్దువు గాని” అన్నాను.

షీట్‌లో ఇంటి అడ్రసు సరిగ్గా లేదు. పనిచేసే కోల్డ్ స్టోరేజీ ఏ రోడ్డులో ఉందో మాత్రం లావణ్య రాసింది. ఆటోలో వెళ్లాం. రోడ్డు వార నాలుగైదు కోల్డ్ స్టోరేజీలు. మూడోదాని వెనక కల్లంలో ఎర్రటి రాశుల మధ్య యాభై అరవై మంది ఆడవాళ్లు వరసలుగా కూర్చుని ఉన్నారు. ముక్కుకు గుడ్డలు. మేము దిగగానే దగ్గు మొదలైంది. దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ వరసల మధ్య తిరిగాం. చివరికి లావణ్యే గుర్తుపట్టింది.

మస్తాన్‌బీ కుడిచేతికి ప్లాస్టిక్ కవరు తొడిగి, మణికట్టు దగ్గర తాడుతో బిగించుకుంది. ఎడమచేత్తో తొడిమలు తీస్తూ, కుడిచేత్తో కాయలు నొక్కి పట్టుకుంటోంది. మమ్మల్ని చూసి గాబరాగా లేచింది.

“కోప్పడొద్దు డాక్టరమ్మా. రేపటికల్లా ఈ రాశి అయిపోవాల. రాకపోతే నా చోటు ఇంకొకళ్లకి ఇచ్చేస్తారు.”

కవరు విప్పాను. కట్టు ఊడిపోయింది. రెండు బొబ్బలూ చితికి, పచ్చి పుండులో మిరపగింజ ఒకటి అంటుకుని ఉంది. లావణ్య మొహం పక్కకు తిప్పుకుంది. మస్తాన్‌బీ మాత్రం వేరే ఎవరి చేతినో చూసినట్టు చూసింది.

అక్కడే చెప్పాను. మైనం పడకపోవడం కాదనీ, మైనం ఎక్కువ వేడెక్కిందనీ, మేము చూసుకోలేదనీ, మీ చేతికి వేడి తెలియదని పరీక్షలో కనిపెట్టాల్సింది, కనిపెట్టలేదనీ చెప్పాను. తప్పు మాది అన్నాను. చుట్టుపక్కల నలుగురు పని ఆపి వింటున్నారు.

ఆమె నన్ను వదిలేసి లావణ్య వైపు చూసింది.

“నిన్నెందుకు అంటారు పాపా? నువ్వు అడిగావు, నేనే చెప్పాను. నాకు తెలవక పోయినా ఆవిరి చూసి చెప్పా. తెలవదంటే వైద్యం చెయ్యకండా పంపించేస్తారేమో అనుకున్నా.”

లావణ్య ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది. “మీరు చూస్తున్నారని నాకు తెలుసమ్మా. తెలిసే రాశాను” అంది.

అక్కడ కూలీలను చూసుకునే మేస్త్రీతో మాట్లాడి, ఆమె చోటు ఆమెకే ఉంచుతానని ఒప్పించి, సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్లాం. డ్యూటీ డాక్టరు ఎలా కాలిందని అడిగారు. కాలేజీ పేరుతో సహా చెప్పాను. పుండు కడిగి, మందులు రాసి, ఇంకో రోజు ఆలస్యమైతే లోపలికి దిగేదన్నారు.

సాయంత్రం తిరిగి వచ్చి రిపోర్టు రాశాను. నా పేరు మొదట, తర్వాత లావణ్య పేరు. సోమవారం కాలిందనీ, మంగళవారం తెలిసిందనీ తేదీలు వేసి, బుధవారం రాస్తున్నానని కూడా రాశాను. ప్రిన్సిపాల్ గారు రెండుసార్లు చదివారు. కింద సంతకం పెట్టారు.

గురువారం కమిటీలోని పెద్దాయన ఒకరు రిపోర్టు కంటే ముందు వ్యాక్స్ బాత్ రిజిస్టరే తెరిచారు. “ఇన్నాళ్లూ మీ మైనం వేడి ఒక్క గీత కూడా అటూ ఇటూ కదల్లేదాండీ?” అని అడిగారు. అప్పుడు రిపోర్టు ఆయన చేతికిచ్చాను. మిగతా రోజంతా వరండాలో ఎవరి అడుగుల చప్పుడు విన్నా ఉలిక్కిపడుతూనే ఉన్నాను. సాయంత్రం నిర్ణయం చెప్పారు. పరికరాలన్నీ సరిచేయించి చూపించే వరకూ ఓపీలో వేడి చికిత్సలు ఆపాలి, గుర్తింపు ఆ ఏడాదికి షరతు మీద కొనసాగుతుంది. నాకు మెమో వచ్చింది. అది నా సర్వీసు రిజిస్టరులో ఉంది. లావణ్య ఆ పోస్టింగ్ మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. చేసింది. ఇప్పుడు పిడుగురాళ్లలో ఒక క్లినిక్‌లో ఉంది. సున్నపు బట్టీల కూలీలు ఎక్కువగా వస్తారట.

మస్తాన్‌బీ పుండు మానడానికి నెల పట్టింది. ఆ నెల మిరపకాయ ముట్టుకోలేదు. చివరిసారి వచ్చినప్పుడు కళ్లు మూయించి టెస్ట్ చేశాను. వేడి గొట్టం తగలగానే చేయి వెనక్కి లాక్కుంది. వేడి తెలియడం తిరిగి వచ్చింది. ఇకమీదట చేతి తొడుగులు వేసుకోమని ఇచ్చాను. వారం వేసుకుందట. తొడుగులతో తొడిమ పట్టు చిక్కడం లేదని తీసేసిందట. అప్పటికి మిర్చి సీజన్ ఇంకా అయిపోలేదు.

ఆ తర్వాత మా కేస్ షీట్‌లో వృత్తి అన్న గడిని పేరు పక్కకు మార్పించాను. నా ఎదురుగా జరగని టెస్ట్ కింద సంతకం పెట్టలేదు. దానివల్ల ఓపీ ఆలస్యమైంది, రోగులు విసుక్కున్నారు. విద్యార్థులకు మాత్రం ప్రతి ఏడాదీ ఒకే మాట చెప్పాను. తెల్లకోటు ముందు కూర్చున్న మనిషి మనకు కావాల్సిన జవాబే చెప్పాలని చూస్తాడు. అది అబద్ధం కాదు, భయం. అందుకే రోగి మనకు సాయం చేయడానికి వీల్లేకుండా టెస్ట్ చేయాలి.