పుస్తె కోసం పాత మోడల్

ఆ ఆదివారం పొద్దున ఆరున్నరకు, మహారాష్ట్రలో సాస్తి దగ్గరి ఒక ఊళ్లో, పైకప్పు లేని ఇంటి పెరట్లో ఉన్నవాళ్లం నలుగురం: మా మేనత్త, మామ, పక్కింటి మరాఠీ తాత, నేను. వస్తువులు: గడ్డపార ఒకటి, పారలు రెండు, ఇసుక జల్లెడ ఒకటి, చాయ్ ఫ్లాస్కు, పెరటిని నూట ఇరవై గళ్లుగా విడగొట్టి నేను గీసిన పటం, బంగారం వెతికే మెటల్ డిటెక్టర్ ఒకటి. డిటెక్టర్‌ను పెట్టెలోంచి తీసి నాలుగు రోజులైంది. ఆ మోడల్ బజారుకొచ్చి ఎనిమిదేళ్లైంది. లేనివి రెండు: ఇంటికి కరెంటు, అత్త మెడలో రెండో పుస్తె.

పుస్తె పోయి అప్పటికి మూడేళ్లు. గడ్డిమోపు తలమీంచి దించుతుంటే పసుపుతాడు తెగింది. అత్తింటివాళ్లు పెట్టిన పుస్తె ఆమె ఒడిలోనే పడింది. పుట్టింటి పుస్తె, అంటే మా నాయనమ్మ చేయించి ఇచ్చింది, నేలమీద పడి ఎటో పోయింది. పెరడంతా జల్లించారు, పేడకుప్ప కడిగారు, దొరకలేదు. కొత్తది చేయించుకొమ్మని మామ అంటే అత్త వినలేదు. దాని బదులు పసుపుకొమ్ము కట్టుకుంది. "భూమిల్నే ఉన్నది, ఏడికి పోతది? దొరుకుతది," అనేది.

అప్పుడు నేను నోరు తెరిచాను. డిప్లొమా చదివినవాణ్ని, చంద్రపూర్‌లో ఒక ఫ్యాక్టరీలో కొలత పరికరాలు సరిచూసే ఉద్యోగం. "దీనికి మిషన్లుంటయ్ అత్తా, నేను తెప్పిస్త," అన్నాను. ఆ రాత్రే ఇంటర్నెట్‌లో వెతికి మంచి మోడల్ ఎంచాను. ఎడారుల్లో గోధుమగింజంత బంగారాన్ని కూడా పట్టే రకం. ధర యాభై ఎనిమిది వేలు. కొనగలను. బ్యాంకులో అంతకన్నా కొంచెం ఎక్కువే ఉంది.

కానీ దాని తరువాతి మోడల్ రాబోతోందని ఒకచోట చదివాను. కొత్తది వస్తే పాతదాని ధర పడుతుంది. ఇది తెలిశాక యాభై ఎనిమిది వేలు పెట్టేవాడు నా దృష్టిలో మూర్ఖుడు. కంప్యూటర్లో ఒక పట్టిక మొదలుపెట్టాను. తేదీ, ధర, అమ్మేవాడు, వారంటీ, కొత్త మోడల్ గురించి వదంతులు, ఇలా ఏడు గళ్లు. ప్రతి ఆదివారం నింపేవాణ్ని. ఆరు నెలలకు ధర యాభై మూడుకు దిగింది. గ్రాఫు గీసి, దాన్నిబట్టి గీత ముందుకు పొడిగించి, ఇంకో ఏడాదికి నలభై మూడవుతుందని లెక్కతేల్చాను. ఏడాదికి నలభై రెండైంది. నా లెక్క ఇంత దగ్గరగా వచ్చిందన్న సంతోషంలో కొనడం మరిచాను. నిజం చెప్పాలంటే మరవలేదు. ఇంకా దిగే వస్తువును ఎక్కడ ఆపి కొనాలో తెలియలేదు.

అత్త పండుగకో పబ్బానికో చంద్రపూర్ వచ్చినప్పుడల్లా అడిగేది.

"మిషిని ఎప్పుడొస్తది రా అల్లుడా?"

"ధర పడుతున్నదత్తా. ఇంకొంచెం ఆగితే సగానికొస్తది."

"ఆగు మరి. చదువుకున్నోనివి, నీకు ఎర్కనే ఉంటది."

ఎగతాళిగా అన్నదైతే బాగుండేది. నమ్మి అంది.

రెండున్నరేళ్లకు బొగ్గు గని విస్తరణలోకి ఆ ఊరు వచ్చింది. నోటీసు వచ్చింది, తరువాత డబ్బు, ఆ తరువాత ఖాళీ చేయాల్సిన తేదీ. అత్తా మామా రాజురాలో చిన్న జాగా కొనుక్కున్నారు. కొత్త ఇంటికి పనికొస్తాయని మామ పాత ఇంటి దూలాలు, తలుపులు, రేకులు అన్నీ విప్పాడు. సరిగ్గా అదే నెలలో నా పట్టికలో ధర ముప్పై ఒక వెయ్యి ఐదు వందలకు పడింది. పక్కన 'చివరి పీసు' అని ఎర్ర అక్షరాల్లో ఉంది. కొన్నాను. ఇరవై ఆరు వేల ఐదు వందలు మిగిల్చానని ఆఫీసులో ముగ్గురికి చెప్పాను. అందులో ఒకరు అడగలేదు కూడా.

ఊళ్లోకి మట్టి తవ్వే యంత్రాలు సోమవారం వస్తాయని చెప్పారు. అందుకే ఆ ఆదివారం.

మొదటి గడిలో స్విచ్ నొక్కగానే డిటెక్టర్ కుయ్యిమంది. తవ్వాను. మేకు. రెండడుగులు జరిగాను. మళ్లీ కుయ్. మేకు. మూడో గడిలో కాలు పెట్టకముందే అరిచింది.

"ఏంది రా, గిట్లనే ఒర్రుతదా ఇది?" అంది అత్త.

మామ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "మొన్న నేను మేకులు పీకి పారేసిన జాగ గదే, ఇంజినీర్ సాబ్. రేకులు విప్పంగ పెరడంత పడ్డయ్. రెండు నెలల కింద వస్తివా, మీ అత్త ఊడ్చి అలికి అద్దం లెక్క ఉంచుతుండె."

ఇనుము మోతకూ బంగారం మోతకూ తేడా ఉంటుంది, అది ముందు చెవికి తెలియాలి అన్నాను. అలవాటు కోసం మెడలో ఉన్న పుస్తె ఒక్క నిమిషం తీసిమ్మన్నాను.

"తీసుడేంది? తియ్యరాదు. కావాలంటే గిట్లనే చూడు," అని అత్త పీట వేసుకుని కూర్చుని మెడ చాచింది. నేను డిటెక్టర్ పళ్లెం ఆమె మెడ దగ్గర ఆడించాను. కుయ్ కుయ్ కుయ్ కుయ్ కుయ్.

"ఒక్క పుస్తెకు అయిదుసార్లా?" అన్నాడు మామ.

పసుపుతాడుకు ఆమె నాలుగు పిన్నీసులు తగిలించుకుని ఉంది. వాటిని పక్కకు పెట్టించి ఒక్కొక్కటిగా విన్నాను. పిన్నీసుదీ పుస్తెదీ ఒకే మోత. అప్పుడు పెట్టెలోని చిన్న పుస్తకం తీసి చదివాను. మూడేళ్లుగా ధర చదివాను గానీ ఇది చదవలేదు. ఇనుమును ఇది వేరుచేసి చెప్పదని అందులో ఉంది; ఆ ఏర్పాటు తరువాతి మోడల్‌లో వచ్చింది. నేను కొన్నదాని ధర పడింది అందుకే. ఎడారిలో ఎవరూ ఇల్లు కట్టి విప్పరు కాబట్టి అక్కడివాళ్లకు దాంతో పెద్ద ఇబ్బంది ఉండదు.

నలభై నిమిషాలకు బ్యాటరీ అయిపోయింది. ఏళ్లతరబడి గోదాములో పడున్న బ్యాటరీ అంతకన్నా మోయదట. పక్కింటి తాత ఇంట్లో ఇంకా కరెంటు ఉంది. అక్కడ చార్జింగ్‌కు రెండు గంటలు. నలభై నిమిషాలు వెతకడం, రెండు గంటలు అరుగుమీద కూర్చోవడం. అప్పుడు తాత నా పక్కన చేరి గొంతు తగ్గించి, "గుప్తధన్ సాపడ్లం కా?" అన్నాడు, దాచిన నిధి దొరికిందా అని. కాదు, అత్త పుస్తె కోసం అంటే నమ్మలేదు. పుస్తె కోసం ఇంత మిషన్ ఎవడు కొంటాడని తిరిగి అడిగాడు. చార్జింగ్ ఎంతైందో చూసొస్తానని లేచాను.

అయిదో విడత సాయంత్రం అయిదు దాటాక మొదలైంది. గొడ్లచావడి మూలలో, మేకులు పడని చోట, సన్నటి మోత ఒకటి వచ్చింది. పారతో కాదు, వేళ్లతో తవ్వాను. జానెడు లోతులో ఏదో మెరిసింది. అత్త చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని వచ్చి పక్కన కూలబడింది. మట్టి తుడిచాను. తంబాకు పొట్లం లోపలి వెండికాగితం.

డిటెక్టర్ ఆ కాగితం మీద ఇంకా మొత్తుకుంటోంది. మామ వంగి దాని స్విచ్ ఆపాడు. రోజంతా దాన్ని ముట్టనివాడు.

అత్త లేచి చేతులు దులుపుకుంది. "ఇగ చాలు. రేపు మిషిన్లొస్తయ్, అది బొగ్గుతోని పాటు ఏడికన్న పోతది." నావైపు చూసింది. "మా అమ్మ లేదు. మీ నాయిన లేడు. నా పుట్టిల్లంటే ఇగ నువ్వే గద రా. నువ్వు చేపియ్యి."

"చేపిస్తత్తా. వచ్చే నెల జీతం…"

"జీతంల చెయ్యి పెట్టకు, మీ అమ్మకు కావాలె. ఆ ఒర్రేదాన్ని అమ్ము. ఎంతొస్తే అంతల చేపియ్యి."

"ధర జూసి అమ్ముతనంటడు మళ్ల," అన్నాడు మామ. "మూడేండ్లు ఆగాలె నువ్వు."

ఆగలేదు. ఫోటోలు పెట్టిన మూడో రోజే బల్లార్‌పూర్ నుంచి ఒకాయన వచ్చాడు. అటూ ఇటూ తిప్పి చూసి, "పాత మోడల్ కదండీ," అన్నాడు. ఈ మాట నేను అమ్మేవాళ్లతో ఎన్నిసార్లు అన్నానో. పదహారు వేలిచ్చాడు.

ఆ డబ్బుతో చంద్రపూర్ సరాఫా బజారుకు అత్తతో వెళ్లాను. బంగారం ధర విన్నాక లెక్క వేసుకోకుండా ఉండలేకపోయాను. పుస్తె పోయినప్పుడు డిటెక్టర్‌కు పెట్టాల్సిన యాభై ఎనిమిది వేలతో, పోయినదానంతవే, రెండున్నర గ్రాముల పావుతులం పుస్తెలు, అప్పటి ధరకు నాలుగు వచ్చేవి. ఏడు గళ్ల నా పట్టికలో బంగారం ధరకు ఒక గడి పెట్టాలని ఒక్క ఆదివారమూ తోచలేదు.

పుస్తె తయారైందని ఫోన్ వస్తే మళ్లీ వెళ్లాం. అలవాటుకొద్దీ త్రాసు ఎప్పుడు సరిచూశారని కంసాలిని అడిగాను. అత్త నా మోచేతిమీద గిల్లింది. పసుపుకొమ్ము విప్పి నా చేతిలో పెట్టి, కొత్త పుస్తెను తాడుకు తనే ఎక్కించుకోబోయింది. కంసాలి ఆగమని, రసీదులో రాయడానికి దాన్ని త్రాసులో వేశాడు. 1.240 గ్రాములు.