తొమ్మిదో గడి

మా పెదనాన్న ముప్పై నాలుగేళ్లు నీళ్ల మీటర్లు చూశాడు. వీధిలో అందరికీ ఆయన మీటరుగారే. అసలు పేరు మెడలో వేలాడే కార్డు మీద తప్ప ఎక్కడా ఉండేది కాదు. గుమ్మం పక్క గోతి మీది ఇనపమూత ఎత్తి, మోకాళ్ల మీద వంగి, అద్దానికి పట్టిన బురద బొటనవేలితో తుడిచి, అంకెలు పైకి చదివి మరీ రాసుకునేవాడు. తోటివాళ్లు ఓ నీడ చూసుకుని కూర్చుని వీధి మొత్తానికీ ఉజ్జాయింపుగా అంకెలు వేసేస్తే, "గోతిలోకి చూడకుండా రాసేవాడికి జీతమెందుకు? జోస్యం చెప్పుకోమనండి" అనేవాడు.

అలాంటి మనిషి ఒక్కసారి తప్పు రాశాడు. మా నాలుగు వీధులకీ కలిపి రాశాడు.

పదేళ్ల కిందటి మాట. ఊరు నాలుగు వైపులా పెరుగుతోందని, వచ్చే పాతికేళ్లలో ఏ పనులు ఎక్కడ రావాలో ఇప్పుడే నిర్ణయించాలని మునిసిపాలిటీ వాళ్లు ఇంటింటి సర్వే పెట్టారు. గుమ్మాలన్నీ తెలిసినవాళ్లు కదా అని మీటర్ల వాళ్లకే ఆ కాగితాలు అప్పగించారు. అందులో తొమ్మిదో గడి: "ఇంట్లో పని లేక, పని కోసం చూస్తున్నవారు ఎందరు?"

అప్పుడు నాకు పదిహేడేళ్లు. అన్నయ్య చదువైపోయి రెండేళ్లుగా మంచం మీదే ఉన్నాడు. పెదనాన్న కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చిన పూట కూడా గోడవైపు తిరిగి పడుకునే ఉన్నాడు. పెదనాన్న పెన్ను మూత తీసి, ఆ వీపు చూసి, గొంతు తగ్గించి అమ్మని అడిగాడు.

"అమ్మాయ్, తొమ్మిదిలో ఏం రాయమంటావ్?"

అమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "అదేంటి బావగారూ, వాడికేం లోటు? ఏదో చూసుకుంటూనే ఉన్నాడు. ఖాళీగా ఉన్నాడని రాసి మా పరువు ఆఫీసుకి పంపుతారా?"

"లేదులేమ్మా, ఊరికే అడిగా."

సున్న చుట్టాడు. అన్నయ్య వీపు కొంచెం వదులైంది. అది నేను చూశాను.

ఇల్లిల్లూ అంతే. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఎవరికి వారు నోరు కుట్టేసుకున్నారు. వీధి చివరి దర్జీకి నెలకి నాలుగు జాకెట్లు వస్తే గొప్ప. అయినా కొడుకు తనకి చేదోడుగా ఉన్నాడని చెప్పాడు. పెదనాన్న అన్నిచోట్లా సున్న చుట్టుకుంటూ వచ్చాడు. "మీటరుకి సిగ్గుండదురా. మనుషుల్ని అలా మూతెత్తి చూడలేం" అన్నాడు నాతో తరవాతెప్పుడో.

ఆరు నెలలకి ప్రణాళిక చిత్తుపటం టౌన్‌హాల్ గోడకి అంటించారు. నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. పని లేని ఇంటికల్లా ఒక ఎర్రచుక్క. ఏటి అవతల వీధులు తట్టు పోసినట్టున్నాయి. చుక్కలు ఎక్కడ చిక్కగా ఉంటే అక్కడికే శిక్షణ కేంద్రం, చిన్న కార్ఖానాల షెడ్లు, బస్సు దారి. మా నాలుగు వీధులూ ఉతికి ఆరేసినట్టు తెల్లగా ఉన్నాయి.

"మా వైపు ఏమీ లేదేంటమ్మా?" అని అడిగాడు అక్కడి ఉద్యోగినిని.

"మీ వైపు ఎవరికీ పనికి కొదవ లేదండీ. అదృష్టవంతులు!" అందామె మనస్ఫూర్తిగా. అభ్యంతరాలుంటే ముప్పై రోజుల్లోగా రాసివ్వొచ్చని కూడా చెప్పింది.

పెదనాన్న ఇంటికొచ్చి తెల్లకాగితం తీసి 'అయ్యా' అని రాసి ఆగిపోయాడు. రాస్తే తను దొంగ లెక్క ఇచ్చానని ఒప్పుకోవాలి. సర్వీసు ఇంకా ఆరేళ్లుంది. ఏ ఇంట్లో ఎవరు ఖాళీగా ఉన్నారో తలుపు నంబర్లతో సహా బయటపెట్టాలి. "రాయి పెదనాన్నా" అన్నాను. "రాస్తాలేరా. రేపు రాస్తా" అన్నాడు. ఆ కాగితం వారం పాటు బల్ల మీదుంది. తరవాత బల్ల మీద లేదు. ముప్పై ఒకటో రోజు సంచీ తగిలించుకుని మీటర్లకి వెళ్లిపోయాడు.

ఏటి అవతల షెడ్లు లేచాయి. అన్నయ్య అక్కడే ఒక గేటు దగ్గర కాపలా ఉంటున్నాడు. రెండు బస్సులు మారాలి. నేను గ్రంథాలయంలో కనిపించిన పుస్తకమల్లా చదివాను. చదివింది ఎక్కడా పనికి రాలేదు. ఆ కోపమంతా ఆయన మీద పెట్టుకున్నాను. ఆయన రిటైరయిన రోజున నలుగురూ కూర్చుని తింటున్నారు. ఎవరో ఆయన నిజాయితీ గురించి ఎత్తారు. "గోతిలోకి చూడకుండా రాసేవాడికి జీతమెందుకట?" అన్నాను గట్టిగా. అందరూ కంచాల్లోకి చూశారు. ఆయన చెయ్యి కడుక్కుని, చెప్పులు వెతుక్కుని వెళ్లిపోయాడు. ఆ మాట వెనక్కి తీసుకునే అవకాశాలు నాకు చాలా వచ్చాయి. తీసుకోలేదు.

ఈ ఏడు ప్రణాళికని సరిచూస్తామని మళ్లీ సర్వే అన్నారు. పెదనాన్న అరిగిన మోకాళ్లతో ముందే ఇల్లిల్లూ తిరిగాడు. "లేకపోతే లేదనే చెప్పండర్రా. తప్పు కాదు."

దర్జీ కత్తెర ఆడిస్తూ నవ్వాడు. "ఏంటి మీటరుగారూ, నీళ్లయిపోయాయి, ఇప్పుడు మా ఆకలి రీడింగు తీస్తారా? చేతులు కాలాక ఆకులు పట్టుకుని తిరుగుతున్నారే!"

"కాలింది నీ చేతులయ్యా, నావి కాదు. అందుకే తిరుగుతున్నా."

మా ఇంటికి సర్వే అమ్మాయి వచ్చినప్పుడు ఆయన అరుగు మీదే ఉన్నాడు. నా వయసుదే ఉంటుంది. మెడలో కార్డు, చేతిలో పలకలాంటి ఫోను.

"మీరేం చేస్తుంటారండీ?"

పదేళ్లుగా ఈ ప్రశ్న కోసమే కాచుక్కూర్చున్నవాణ్ని. "ఆన్‌లైన్‌లో. ఇంటి నుంచే" అంది నా నోరు.

"అమ్మా, వాడికి పని లేదు" అన్నాడు పెదనాన్న.

"వారు చెప్పిందే ఎక్కించాలండీ." వేలితో నొక్కి, పక్కింటికి వెళ్లిపోయింది.

ఆయన నన్ను తిట్టలేదు. "నీక్కూడానా?" అన్నాడు, అంతే. అంతకన్నా తిట్టినా బాగుండేది.

కొత్త చిత్తుపటం అంటించారు. మా నాలుగు వీధుల్లో ఒకే ఒక్క చుక్క ఉంది, దర్జీ ఇంటి మీద. మర్నాడే పెదనాన్న ఒక కాగితం తెచ్చాడు. మీటరు పుస్తకంలో రాసినట్టే గుండ్రటి అక్షరాలు. పదేళ్ల కిందట ఈ వీధుల తొమ్మిదో గడి నేను తప్పుగా నింపాను, ఇప్పుడూ తప్పుగానే ఉంది, కింద సంతకం చేసినవాళ్ల ఇళ్లు మళ్లీ చూడండి అని ఉంది. ముందు ఆయన సంతకం. దాని కింద దర్జీది.

"మూడోది నీదైతే మిగతావాళ్లూ పెడతారు. చదువుకున్నవాడివి కదా, నిన్ను చూస్తారు. బలవంతమేం లేదురా."

మోకాలు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వెళ్లాడు.

పటం అంటించి ఇవాళ్టికి ఇరవై ఆరు రోజులు. కాగితం నా పుస్తకాల మధ్య ఉంది. రోజూ సాయంత్రం ఆయన మా గుమ్మం ముందు నుంచే నడుస్తాడు, అడగడు. ఇవాళ పొద్దున పెన్ను మూత తీశాను. అమ్మ పిలిచింది. గడువు ఇంకా నాలుగు రోజులుంది కదా, రేపు పెడదాంలే అనుకుని మూత పెట్టేశాను.