శనివారం పెట్టిన టిక్కు

ముప్పై ఏళ్లకు పైగా ఒక టిక్కు గుర్తును మోస్తున్నాను. అంత చిన్న గీతకు అంత బరువుంటుందా అని మీరు అడగవచ్చు. ఉంటుంది. దాని కింద ఒక మనిషి పేరు నలిగిపోయింది.

నాచారంలో మా కార్ఖానాకు ఒకప్పుడు మోటార్‌సైకిల్ జట్టు ఉండేది. ఇంగ్లాండు పత్రికలో బొమ్మలు చూసి మొదలుపెట్టినది. గుండ్రటి మట్టి ట్రాక్, బ్రేకులు పీకేసిన బండ్లు, ఆదివారం పందేలు. ఆ ట్రాక్ ఉన్నచోట ఇప్పుడు అపార్ట్‌మెంట్లు. నేను బండి నడపలేదు. తనిఖీ నాది. బండి ట్రాక్ ఎక్కే ముందు పన్నెండు భాగాలు చేత్తో పట్టి చూసి, పుస్తకంలో ఒక్కొక్కదానికి టిక్కు పెట్టాలి.

గ్రీజు చేతులతో రాస్తే పేజీ పాడవుతుంది. అది నాకు గిట్టదు. అందుకని శనివారం సాయంత్రమే ఇంట్లో కూర్చుని టిక్కులన్నీ పెట్టేసేవాడిని. మర్నాడు చూడడం మాత్రం చూసేవాడిని. తేడా కనిపిస్తే కొట్టేయవచ్చు కదా అనుకునేవాడిని. కొట్టేసే అవసరం ఎన్నడూ రాలేదు. మా మెకానిక్ సత్తయ్య పని అలాంటిది.

"నీ బుక్కు లగ్గం కార్డు లెక్క ఉంటది సారూ, ఒక్క మరక లేదు" అని నవ్వేవాడు.

ఆ ఆదివారం మా జట్టులో మేటి అయిన యాదగిరి బండికి చివరి నిమిషంలో కొత్త చైన్ వేయవలసి వచ్చింది. సత్తయ్య తలెత్తి అడిగాడు.

"సారూ, చైన్ లాక్ సూసినవా? జర ఆగమాగంల ఏసిన."

చైన్ రెండు కొసల్నీ కలిపి పట్టే ఆ లాక్‌ది పుస్తకంలో ఎనిమిదో వరుస. అది చూశాను. టిక్కు ఉంది.

"చూశాను."

"అయితే ఫికర్ లేదు. పో యాదన్నా, దుమ్ము లేపు!"

నా కళ్లు చూసింది చైన్‌ను కాదు, నా రాతను. ఇన్నేళ్లుగా నన్ను నేను సమర్థించుకోవడానికి ఈ మాటే వాడుకున్నాను. కానీ అతడు అంత స్పష్టంగా అడిగినప్పుడు, మూడడుగులు వేసి వంగి చూడడానికి నాకేం అడ్డొచ్చింది?

రెండో మలుపులో చైన్ ఊడి వెనక చక్రానికి చుట్టుకుంది. యాదగిరి కుడి మోకాలు మళ్లీ వంగలేదు.

విచారణలో అందరూ నా పుస్తకమే చూశారు. టిక్కు ఉంది కాబట్టి తనిఖీ అయ్యాక సత్తయ్యే లాక్‌ను ముట్టుకున్నాడని తేల్చారు. అతడూ నమ్మాడు. "సారు రాసిండంటే సూసినట్టే. నేనే మల్ల కదిలిచ్చిన కావొచ్చు" అన్నాడు. తన చేతుల కంటే నా పుస్తకాన్ని నమ్మాడు. నేను పక్కనే కూర్చున్నాను.

జట్టు ఆ ఏడాదే మూతపడింది. సత్తయ్య మళ్లీ పానా పట్టలేదు. ఉప్పల్‌లో కొబ్బరి బోండాలు అమ్మాడు. అటు వెళ్లవలసి వస్తే నేను ఒక స్టాప్ ముందే దిగేవాడిని. నిరుడు అతడు పోయాడు. చివరిచూపుకు యాదగిరి రాలేదు.

ఇప్పుడు పాతవాళ్లు జట్టు చరిత్రను చిన్న పుస్తకంగా వేయిస్తున్నారు. డైరీలు రాసే అలవాటు నాది కనుక రాత నాకే అప్పగించారు. ప్రమాదం గురించి ఒక్క వాక్యం చాలట: మెకానిక్ పొరపాటు. వారం రోజులు అక్కడే ఆగిపోయాను. ఆనాటి డైరీ తీశాను. "సత్తయ్య అజాగ్రత్త" అని ఉంది. ముత్యాల్లాంటి అక్షరాలు. ఎవరూ చదవని చోట కూడా నేను అబద్ధమే రాసుకున్నాను.

ఈ ఉదయం రాశాను: "చైన్‌ను ఎవరూ తనిఖీ చేయలేదు. టిక్కు ముందురోజు ఇంట్లో పెట్టినది. పెట్టింది నేను."

అచ్చుకు ఇచ్చేముందు యాదగిరికి చదివి వినిపించాలి. ఏమంటాడో తెలియదు. సత్తయ్యకు వినిపించే వీలు లేదు.

రాస్తుంటే చెయ్యి తగిలి సిరా అలుక్కుపోయింది. ఆ పేజీని మళ్లీ రాయలేదు.