పెద్దమ్మ పగ, పసుపుపూల తీగ

ఎదురింటి పెద్దమ్మ పోయిందని కబురు వచ్చేసరికి నేను తుర్కపల్లి నుంచి ఆఫీసు క్యాబ్‌లో ఇంటికి వస్తున్నాను. నాగారంలో ఉండే వాళ్లమ్మాయి ఫోన్ చేసి, "అమ్మ లేదక్కా" అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది. షామీర్‌పేటలో మా వీధికి చేరేదాకా నాకు ఏడుపు రాలేదు. ఆమె ఇంటి ముందు టెంటు కింద మా కాలనీ సెక్రటరీ నిలబడి, "పెద్దమ్మది పెద్ద మనసండీ, ఎవరి మీదా కోపం పెట్టుకోలేదు" అని వచ్చినవాళ్లకు చెబుతుంటే విన్నాక వచ్చింది. అదీ ఒళ్లు మండి.

అబద్ధం. ఆయన్ని పెద్దమ్మ చివరిదాకా క్షమించలేదు. ఆ సంగతి నలుగురికీ తెలియాలనే ఇది రాస్తున్నాను. ఆమె పూలు ఎలాగూ పీకించాడు, కోపాన్ని కూడా పీకేస్తానంటే ఊరుకోను.

మేము గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కొనుక్కున్న కొత్తలో, గేటు ముందు గులాబీలు వేసి చంపుకున్నాను. కాస్త తవ్వితే రాయి, ఎండాకాలమొస్తే ట్యాంకరు నీళ్లు. పెద్దమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ చూసి చూసి, ఒకరోజు తన గోడవార నుంచి నాలుగు తీగలు తెంపుకొచ్చింది. నేలను అంటుకుని పాకే తీగ, నిండా చిన్న చిన్న పసుపు పూలు. నర్సరీలో వెడీలియా అంటారు.

"తవ్వుడు గివ్వుడు ఏం లేదు బిడ్డా. గణుపు మన్నుకు ఆనితె సాలు, అదే ఏర్లు దన్నుకుంటది," అంది. నేను రెండు పూటలా నీళ్లు పోస్తుంటే తిట్టింది కూడా. "గంత ముద్దు జేయకు. ఏరు పట్టినంక దాని బతుకు అదే బతుకుతది." నిజంగానే బతికింది. ఎప్పుడైనా కత్తెరతో అంచులు కోయడం తప్ప దానికి నేను చేసిన సేవ ఏమీ లేదు.

పెద్దమ్మ మంచిదే, కానీ మరుపు లేని మనిషి. కూతురి పెళ్లిలో కూరకు వంక పెట్టిన ఆడపడుచుకు ఆ తర్వాత టీ ఇచ్చిందే గానీ అన్నం పెట్టలేదు. "మర్సిపోతె మనసుకు మంచిదంటరు. గా మంచి నాకొద్దు," అనేది. అప్పట్లో నవ్వేదాన్ని.

ఈ ఏడు తొలకరికి సెక్రటరీ రెండో కారు కొన్నాడు. ఇంట్లో జాగా ఉంది గానీ, అది ఆయన ప్రాణంగా పెంచుకునే లాన్. పెద్దమ్మ గోడవార జాగా రోడ్డుదనీ, తీగలో పాములు చేరుతున్నాయనీ చెప్పి, కోసెయ్యమని ఇద్దరు మనుషుల్ని పంపాడు. ఆమె కొడవలి లాక్కుంటుందనుకున్నాను. వాళ్లకు టీ పెట్టి ఇచ్చింది.

"యాడ పారేస్తున్నరు?" అని అడిగింది.

"సారు ఇంటి పక్క ఖాళీ ప్లాట్ల, అవ్వా."

"మంచిది. గట్ల పొడుగు పొడుగు ఒద్దు. సన్నగ ముక్కలు జేసి పారేయుండ్రి, జల్దీ కుళ్లుతది."

నాకు ఉక్రోషం ఆగలేదు. "ఏంటి పెద్దమ్మా, అలా ఊరుకున్నావు?" అన్నాను.

"ఊకున్ననా?" అని నా వంక ఒక్క చూపు చూసి, గ్లాసులు కడగడానికి లోపలికి వెళ్లింది.

బోనాలు రాకముందే గుండె ఆగి పోయింది. తన గోడవార ఆ కారు నిలబడటం చూసింది, అంతకు మించి చూడలేదు. నా కడుపుమంట అదే.

ఒక్కో ముక్కా ఒక్కో మొక్కయింది. వానలకు తీగ ప్లాటంతా పాకి, గోడ దాటి, లాన్‌ను కప్పేసింది. మొన్న ఆదివారం సెక్రటరీ నన్ను ఆపి, "మేడమ్, మీరూ పెంచుతారుగా, ఇది పోవాలంటే ఏం చేయాలి?" అన్నాడు. గణుపు గణుపునా వేరుతో సహా లాగి, బండల మీద పరిచి ఎండబెట్టాలి. నాకు తెలుసు.

"ఏమోనండీ, పెద్దమ్మను అడగాల్సింది," అన్నాను.

సాయంత్రం ఆయన మనుషులు తీగనంతా లాగి ఆటో ట్రాలీలో కుక్కి తీసుకెళ్లారు. వెనక తలుపు సరిగా పడక, వీధి పొడవునా ముక్కలు జారుతూ పోయాయి. పెద్దమ్మ గోడవార, కారు చక్రాల పక్కన కూడా కొన్ని పడ్డాయి. ఒకదానికి ఇంకా పువ్వుంది. అప్పుడే వాన అందుకుంది. నేను గేటు వేసుకుని లోపలికి వచ్చాను.