కెమెరాకు పెట్టిన బొట్టు

సుదర్శన్‌రావు తన జీవితంలో ఏ స్విచ్చునూ స్వయంగా నొక్కలేదు. ఫ్యాను కావాలంటే ఫ్యాను వైపు చూసేవాడు. ఆ చూపు వెంబడే ఎవరిదో ఒకరి చెయ్యి గోడ మీదికి పాకేది. కరీంనగర్ పక్క పల్లెలో ఆయన తండ్రికి నలభై ఎకరాలుండేవి. ఎకరాలు పోయాయి, చూపు మిగిలింది. ఆ చూపుతోనే బొగ్గు గనుల ఊరు నస్పూర్‌లో ఒక హైస్కూలుకు హెడ్మాస్టరుగా వచ్చాడు.

పేరుకు లెక్కల మాస్టరు. ఇరవై ఏళ్లుగా ఒక్క లెక్కా చేయలేదు. గైడులోని జవాబు కింద ఆకుపచ్చ సిరాతో సంతకం చేసేవాడు, అంతే. సంతకం మాత్రం చూడవలసిందే. నెమలి పురి విప్పినట్టు కాగితమంతా పరుచుకుని, చివర రెండు చుక్కలు పెట్టుకుని కూర్చునేది. మనిషిలో ఎక్కడా కనబడని పనితనమంతా అక్కడే దాక్కుంది. దేని మీద సంతకం చేస్తున్నాడో చదివే అలవాటు మాత్రం ఆయనకు లేదు.

బడికి కంప్యూటర్లు వచ్చిన రోజు ఆ చూపు మొదటిసారి ఓడిపోయింది. ఎంత చూసినా అవి వెలగలేదు. అందుకని వరండాలో ఒక బల్ల వేయించి, పైన ‘హెల్ప్ డెస్క్’ అని చార్టు కట్టించి, తొమ్మిదో తరగతి పిల్లలు అజ్రాను, స్పందనను కూర్చోబెట్టాడు. తనిఖీకి వచ్చే అధికారికి చూపించడానికి పుట్టిన బల్ల అది. అధికారి వచ్చాడు, ఫొటో దిగాడు, వెళ్లిపోయాడు. బల్ల మిగిలింది.

అజ్రా తండ్రి యూనుస్ బస్టాండు దగ్గర దర్జీ. ఇంట్లో ఆరుగురికి ఒకటే ఫోను. ఆ పిల్లకు బల్లతో పాటు కంప్యూటర్ గది తాళంచెవి దొరికింది. బడి వదిలాక ఒక గంట ఆ గదిలో కూర్చుని తనకు తానే నేర్చుకునేది. కిటికీ రెక్కల మీద బొగ్గు ధూళి, ముఖం మీద తెర విడిచిన నీలపు వెలుతురు. గని సైరన్ మోగేదాకా ఆ గంట ఆమెది. తాళంచెవిని దారానికి కట్టి మెడలో వేసుకునేది. "అజ్రా, జర చూడమ్మా" అని పెద్దవాళ్లు ఆమెను అడిగేది లోకం మొత్తంలో ఆ బల్ల దగ్గరే.

ప్రతి సోమవారం సుదర్శన్‌రావు తన ఫోను తెచ్చేవాడు.

"నిండిందంటుంది. గిదేం ఫోనే?"

"పూలు, సార్. గుడ్ మార్నింగ్ గులాబీలు పదిహేను వందలున్నయి. తీసేయాల్నా?"

"మంచి మంచియి ఉంచు."

బల్లకు ఒక నియమం కూడా ఆయనే పెట్టి, చార్టు మీద రాయించి, కింద సంతకం చేశాడు. రిజిస్టరులో ఏం చెడింది, ఎందుకు చెడింది, ఎట్లా బాగైంది అని రాయాలి. చివర, బడి వస్తువైతే హెడ్మాస్టరు సంతకం. అది లేకుండా వస్తువు బల్ల దాటకూడదు. సంతకం పెట్టే చోటు ఇంకొకటి దొరికిందని ఆయన సంతోషం.

దసరా సెలవులకు ముందురోజు బడిలో ఆయుధపూజ చేయించాడు. కంప్యూటర్లకు, ప్రింటరుకు, నీళ్ల మోటారుకు గంధం, కుంకుమ. వాడుకోవడం చేతకానివాడికి మొక్కడం తేలిక. టీచర్ల ముఖాలు చూసి హాజరు వేసుకునే ట్యాబ్‌కు మాత్రం తన వేలితోనే బొట్టు పెట్టాడు. మనిషికైతే నుదురెక్కడో తెలుసు. ట్యాబ్‌కు నుదురేదని వెతికాడు. పైన, సరిగ్గా మధ్యలో, చిన్న గుండ్రటి నల్లచుక్క కనబడింది. ఇదే అనుకుని దాని మీద పెట్టాడు. తర్వాత బీరువాలో పెట్టి తాళం వేసి, చెవి జేబులో వేసుకున్నాడు.

సెలవుల తర్వాత మొదటి రోజు. అటెండరు హనుమండ్లు ట్యాబ్‌ను తడిగుడ్డతో తుడిచాడు. మరక పోయింది, గంధం పల్చటి పొరగా పరుచుకుంది. తెరలో టీచర్లంతా మంచులో నిలబడ్డట్టు కనబడ్డారు. ట్యాబ్ ఎవరినీ గుర్తుపట్టలేదు. తొమ్మిదిన్నరకు హాజరు మూసుకుపోతుంది. ఆ తర్వాత బడిలో ఉన్నవాడు కూడా లేనట్టే.

"గీ పోరగాండ్లు ముట్టి ముట్టి ఖరాబు చేసిన్రు" అన్నాడు సుదర్శన్‌రావు. సెలవులన్నాళ్లూ బీరువా తాళంచెవి ఎవరి జేబులో ఉందో అందరికీ తెలుసు. విద్యార్థుల నిర్లక్ష్యం వల్ల ట్యాబ్ చెడిందని పై ఆఫీసుకు ఉత్తరం రాయించాడు. ఆకుపచ్చ నెమలి పురి విప్పింది. ఆ తర్వాత బల్ల దగ్గరికి నడిచాడు.

"తాళంచెవి తియ్యి. రేపటి సంది బల్ల లేదు, గిల్ల లేదు."

అజ్రా దారం మెడలోంచి తీసి బల్ల మీద పెట్టింది. చెయ్యి మాత్రం దాని పక్కనే ఉండిపోయింది.

తెలుగు చెప్పే దేవకి టీచరు ట్యాబ్ పట్టుకుని వెనకే వచ్చింది. "సార్, తొమ్మిదింబావైంది. ఒక్కపారి పిల్లకు చూపియ్యిండ్రి. అందరి హాజరు పోతది."

"చూడనియ్. ఏం ఉద్ధరిస్తదో నేనూ చూస్త."

అజ్రా ట్యాబ్‌ను వెలుతురుకు వంచింది. అంతే, కనబడింది. స్పందనకూ కనబడింది. నవ్వు దాచుకోవడానికి స్పందన రిజిస్టరు మీదికి వంగింది. అజ్రా నల్లచుక్క మీద నోటి ఆవిరి ఊది, చున్నీ కొసతో మెల్లగా తుడిచింది. తెరలో వరండా పైకప్పు, దాని మీది సాలెగూడుతో సహా, తేటగా తేలింది.

"అయిందా? ఇటు తే."

"సంతకం, సార్." అజ్రా రిజిస్టరును ముందుకు జరిపింది.

కలం తీసినవాడు ఆగాడు. స్పందన అక్షరాలు మరీ గుండ్రంగా ఉన్నాయి, చదవకుండా ఉండలేకపోయాడు. ‘ఎందుకు చెడింది: పూజరోజు హెడ్మాస్టరు సారు కెమెరాకు బొట్టు పెట్టారు.’

"సాంకేతిక కారణమని రాయి."

"గట్ల రాస్తే వచ్చే దసరాకు మల్ల గిదే అయితది సార్" అంది అజ్రా. "ఎవరికి యాదుంటది?"

"నాకే చెప్తున్నవా?"

"లేదు సార్. రిజిస్టరుకు చెప్తున్న."

"ముందుగాల ట్యాబ్ ఇయ్యి. తర్వాత చూద్దాం."

"సంతకం లేకుంటే బల్ల దాటరాదు సార్." అజ్రా చార్టు వైపు చూపించింది. నియమం కింద ఆకుపచ్చ నెమలి ఉంది.

"పెట్టుండ్రి సార్" అంది దేవకి. "తొమ్మిదీ ఇరవై ఆరైంది."

సుదర్శన్‌రావు తలెత్తి టీచర్ల వైపు చూశాడు. ఎన్నో ఫ్యాన్లు తిప్పిన చూపు అది. ఎవరి చెయ్యీ కదలలేదు. అందరూ గోడగడియారం వైపు చూస్తున్నారు.

సంతకం పెట్టాడు. నెమలి పురి విప్పలేదు, ఒక మూలకు ముడుచుకుంది.

"చుక్కలు మరిచిన్రు సార్" అంది స్పందన.

చుక్కలు కూడా పెట్టాడు.

ట్యాబ్ ఆయన్ని రెండోసారికి గుర్తుపట్టింది. మొదటిసారి కళ్లు మూసుకున్నాడు. హనుమండ్లు వచ్చి, "సార్, ఉత్తరం పంపాల్నా?" అనడిగితే లాక్కుని జేబులో కుక్కుకున్నాడు. తాళంచెవి సంగతి మళ్లీ ఎత్తలేదు. అజ్రా దారాన్ని మెడలో వేసుకుంది.

మరుసటి దసరాకు అజ్రా పదో తరగతి. సుదర్శన్‌రావు గంధం ప్లేటు పట్టుకుని బల్ల ముందు ఆగాడు. వేలు గాలిలో చాలాసేపు నిలబడింది.

"యాడ పెట్టాలె?"

అజ్రా ట్యాబ్‌ను వెనక్కి తిప్పి, సరిగ్గా మధ్యలో వేలు పెట్టి చూపించింది. "గీడ, సార్."

పెట్టాడు. ముప్పై మూడేళ్ల ఉద్యోగంలో ఆయన నేర్చుకున్నది అదొక్కటే. సోమవారం ఫోను తెచ్చాడు. గులాబీలు మళ్లీ నిండాయి.